నిలబడి తోమే గట్టు

నా కుడికాలు మోకాలి దగ్గర వంగదు. ఇరవై ఏళ్ళు నిండకముందే అలా అయిపోయింది. అందుకు నేనెవరినీ తిట్టుకోలేదు, దేవుణ్ణి కూడా. కానీ ఆ కాలిని సాకుగా చూపించి నన్ను నా ఇంట్లోంచి పంపేయాలని చూసినవాళ్ళతో మాత్రం పోట్లాడాను. ఆ పోట్లాటంతా అంట్లు తోముకునే చోటు గురించి. వినేవాళ్ళకి ఇది చిన్న విషయంలాగే ఉంటుంది. రోజుకి రెండు పూటలా తొమ్మిదిమంది తిన్న గిన్నెలు తోమినవాళ్ళకి ఉండదు.

అరవైల చివరి ఏళ్ళవి. మా అత్తవారి ఊరు చీపురుపల్లికి ఎడ్లబండి మీద గంటన్నర దారి. వరి, చోళ్ళనే రాగులు, నారకి గోగు పండించే ఇల్లు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో అత్త, మా ఆయన అన్న, ఆయన భార్య, వాళ్ళ నలుగురు పిల్లలు, మా ఆయన, నేను. నా తోడికోడల్ని అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. సొంత అప్ప లేదు నాకు. ఆ పిలుపు ఆవిడ మీదే వాడాను, అలా వాడి పొరబడలేదు.

మా పెళ్ళయిన రెండో ఏడు గోగు కోతలయ్యాక ఆ ప్రమాదం జరిగింది. గోగు కట్టల్ని మేం గెడ్డ అనే వాగులో నానేసి, కుళ్ళాక నడుంలోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తారు. తడినార మోపు నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతుంటే కాలు జారింది. మోకాలి చిప్ప వెళ్ళి బండరాయికి కొట్టుకుంది. పక్క ఊరి నుంచి కట్లు కట్టే ఆయన వచ్చి కోడిగుడ్డు సొన పట్టించి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నలభై రోజుల తర్వాత కట్టు విప్పితే కాలు కర్రలా నిలిచిపోయి ఉంది.

మా ఆయన నన్ను రైలెక్కించి విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు చాలాసేపు నొక్కి చూసి, నొప్పి తగ్గుతుంది గాని కాలు మాత్రం వంగదని చెప్పారు. ఆ నొప్పి తగ్గడానికే పదకొండు రోజులు వార్డులో ఉన్నాను. అక్కడ నేను ఆశ్చర్యపోయి చూసింది మందుల్నీ సూదుల్నీ కాదు. నా మంచానికి ఎదురుగా గోడకి ఒక తెల్లటి పింగాణీ తొట్టి బిగించి ఉండేది. దాని మీద కుళాయి. నర్సమ్మ పొద్దున్నే అక్కడ నిలబడి పళ్ళేలు, గిన్నెలు, మందుల గ్లాసులు కడిగేది. నిలబడి. నడుం వంచకుండా, మడమల మీద కూర్చోకుండా. నాకు తెలిసిన ఏ ఆడదీ అలా కడగ్గా నేను చూడలేదు.

మూడో రోజున ఆవిణ్ణి అడిగాను, అలా చేస్తే నడుం నొప్పెయ్యదా అని.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ నా కాలివైపు చూసింది. "వంగితే నొప్పెడతాది గాని, నిలబడితే ఎందుకమ్మా?" అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

మా ఇంట్లో అంట్లు తోమడం నూతి పక్కన. నేలమీద ఒక బండ పరిచి ఉండేది. దాని ముందు మడమల మీద కూర్చుని, ఒక చేత్తో చెంబుతో నీళ్ళు పోసుకుంటూ ఇంకో చేత్తో తోమాలి. సత్తు గిన్నెలకి బూడిద, కొబ్బరిపీచు. ఇత్తడికి చింతపండు. కంచు పళ్ళేలకి జల్లించిన బూడిద. ఆసుపత్రి నుంచి వచ్చాక నేనూ అక్కడే తోమాను. చిన్న చెక్క పలక వేసుకుని, చచ్చిన కాలు ముందుకు చాపి, తడిలో చతికిలబడి. గిన్నెలన్నీ అయ్యేసరికి నడుం దాకా కోక తడిసిపోయేది. లేవాలంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి లాగాలి. లాగేది అప్పే. ఆవిడకి అప్పుడు అయిదో నెల.

పది రోజులయ్యేసరికి అత్త అన్నం తింటూ మెల్లగా చెప్పింది, కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళి ఉండమని. కాలు కుదురుకున్నాక రావచ్చని. ఆ కాలు ఇక కుదురుకోదని డాక్టరు చెప్పిన మాట ఆమెకి తెలుసు. నాకు ముందు జాలిపడిందనే అనిపించింది. మర్నాడు నూతి దగ్గర అప్ప అటూ ఇటూ చూసి అసలు సంగతి చెప్పింది. అత్త తన తమ్ముడి కూతురి కోసం కబురు పెట్టిందట. నాట్లెయ్యలేని, ఇల్లు అలకలేని, అంట్లు తోమలేని కోడలితో సంసారం ఎలా నడుస్తుందని తమ్ముడితో అందట. ఇంట్లో పెళ్ళాం ఉండగా ఇంకొకతెను తేవడానికి చట్టం ఒప్పుకోదని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు మా ఊళ్ళో అలాంటివాళ్ళు ముగ్గురున్నారు. మొదటి పెళ్ళాలు పుట్టిళ్ళలో పేడ ఎత్తుకుంటూ బతికేవారు.

వారం తిరక్కుండా మా అయ్య బొబ్బిలి అవతల నుంచి బండి కట్టుకుని వచ్చాడు. అత్తే కబురు పెట్టింది. నా ట్రంకు పెట్టె అప్పటికే వీధి అరుగు మీద ఉంది. సర్దింది నేను కాదు. మా అయ్య తల వంచుకుని, పోదాం పదమ్మా అన్నాడు. కానీ ఆ బండెక్కితే మళ్ళీ దిగే ఊరు ఇది కాదని నాకు తెలిసిపోయింది.

"అయ్యా, నువ్వు నీళ్ళు తాగి బండి తోలుకెల్లిపో. నాను రాను" అన్నాను.

అత్త గుమ్మంలోకి వచ్చింది. "రాక ఇక్కడుండి ఏటి సేస్తావే?"

"పని సెయ్యనేనని కదా అత్తా నువ్వు పంపతన్నావు. సేస్తాను. నిలబడి సేస్తాను."

"నిలబడి అంట్లు ఎలగ తోమతావు?"

"నా నడుమెత్తు గట్టు కట్టించు. తోమి సూపిస్తాను."

అత్త నవ్వింది. నా ఇంట్లో అలాంటి దొరసాని వేషాలు లేవంది. మా అమ్మ, మా అత్త, మా అత్త అత్త అందరూ కూర్చునే తోమారంది. నువ్వు కట్టించకపోతే నేనే కట్టించుకుంటానన్నాను. అంతమంది ముందు అత్తకి ఎదురు మాట్లాడటం నా జీవితంలో అదే మొదలు. మాట వెనక్కి తీసుకోలేదు. ట్రంకు పెట్టె లోపలికి మోసుకుపోలేను కాబట్టి దాని మీదే కూర్చున్నాను, కాలు వీధిలోకి చాపి. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. మా అయ్య ఎడ్లకి గడ్డేసి, నాలుగు మెతుకులు తిని, ఒంటరిగా బండి తోలుకుని పోయాడు.

మా ఆయన ఆ సమయమంతా పశువుల శాలలోనే ఉన్నాడు. వీధిలోకి రాలేదు. అప్పుడు నాకు ఆయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. సాయంత్రం కుడితి తొట్టి దగ్గర నా పక్కకొచ్చి ఒకటే అడిగాడు.

"ఎంతెత్తు?"

తుంటి ఎముక మీద చెయ్యి పెట్టి చూపించాను. గోగు పుల్ల ఒకటి తెచ్చి నా పక్కన నిలబెట్టి, నా చెయ్యి ఉన్నచోట విరిచాడు. ఆ పుల్లని చూరులో దోపి వెళ్ళిపోయాడు. కోపం పూర్తిగా పోలేదు గాని, సగం పోయింది.

గట్టుకి కావలసిన డబ్బు నా కాళ్ళ కడియాల్లోంచే వచ్చింది. మా అమ్మ పెట్టిన వెండి కడియాలవి. కట్టు విప్పాక కుడికాలు వాచిపోయి కడియం ఎక్కలేదు. ఒక కాలికి పెట్టుకోలేనప్పుడు రెండోది మాత్రం ఎందుకని రెండూ ఇచ్చేశాను. అత్త దానికీ ఏడ్చింది, ఇంటి లక్ష్మి పోయిందని. నా కాలి సొమ్ము, నా ఇష్టం అన్నాను.

ఇక దేనితో కట్టించాలన్నది. తాపీ మేస్త్రి సిమెంటు గట్టు చాలన్నాడు. సిమెంటు గచ్చుని బూడిద ఎలా తినేస్తుందో ఊరి బడి వంటగదిలో చూశాను, ఏడాదికే గుంటలు పడి నీళ్ళు నిలిచేవి. నల్లటి కడప రాయి విజయనగరంలో దొరుకుతుందన్నారు. చూడ్డానికి అద్దంలా ఉంటుంది, నున్నటి దాని మీద సబ్బూ బూడిదా తగిలితే బరువైన గిన్నె జారుతుంది. జారి ఇత్తడి బిందె పడితే రాయి పగులుతుంది. చెక్క పెడితే చెదలు. మిగిలింది మా కొండల రాయే. రోళ్ళూ తిరగళ్ళూ చేసేవాళ్ళు చీపురుపల్లి దగ్గర కొండ కింద పాకలు వేసుకుని ఉండేవారు. అక్కడికి బండి మీద వెళ్ళాం, మా ఆయనా నేనూ.

నేను వెళ్తూ వెళ్తూ ఒక మసిపట్టిన సత్తుగిన్నె, ఒక కంచు పళ్ళెం, గుడ్డలో కొంచెం బూడిద మూట కట్టుకుని వెళ్ళాను. రాళ్ళు కొట్టే ముసలాయన మూడు పలకలు చూపించాడు. మొదటిదాని మీద పళ్ళెం బోర్లించి తోమాను. రాయి గరుకు, పళ్ళెం అంచు మీద గీత పడింది. అది వద్దన్నాను. రెండోది నున్నగానే ఉంది. దాని మీద నీళ్ళు పోసి ఆరేదాకా కూర్చున్నాను. రాయంతా ఆరినా అడ్డంగా ఒక సన్నటి గీత మాత్రం తడిగా ఉండిపోయింది. లోపల పగులుంది. ముసలాయనకి అది తెలుసు, మొహం చూస్తేనే అర్థమైంది.

"రాయి కొంటావా తల్లీ, అంట్లు తోమతావా?" అన్నాడు విసుగ్గా.

"తోమి సూసే కొంటాను."

మూడో పలక మీద గిన్నె మసి మొత్తం వదిలేదాకా తోమాను. అక్కడున్న ఆడవాళ్ళు పని ఆపి నా చుట్టూ చేరారు. గిన్నె జారలేదు, గీత పడలేదు, నీళ్ళు పోస్తే పది నిమిషాల్లో ఆరిపోయింది. అది కావాలన్నాను. నీళ్ళు జారిపోయేలా ఒక పక్కకి కొద్దిగా వాటం తియ్యమని, మూడు పక్కలా వేలెత్తు అంచు వదలమని చెప్పాను. అంచు లేకపోతే నీళ్ళు నా పొట్ట మీదికే వస్తాయి. ముసలాయన అంత పని ఎప్పుడూ చెయ్యలేదన్నాడు గాని, చేశాడు. బాగా చేశాడు.

రాయి ఇంటికొచ్చిన రోజు దించడానికి నలుగురు మగవాళ్ళు కావలసి వచ్చింది. అత్త గడపలో కూర్చుని చూసింది.

మేస్త్రి గోడ కట్టడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లో పనిచూసుకుని బయటికొచ్చేసరికి, ఇక రాయి ఎక్కించడమే అన్నాడు. చూరులోంచి గోగుపుల్ల తీసి పక్కన పెట్టాను. జానెడు తక్కువుంది.

"రెండు వరసలు తక్కువైంది మేస్త్రీ."

"ఆడోల్లకి ఈ ఎత్తు సాలమ్మా. అంతెత్తు కడితే ఊరు నవ్వుతాది."

"ఏ ఆడోల్లకి? తోమేది నాను. ఊరొచ్చి తోమదు గదా."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఇటుకలు అందించడం మొదలుపెట్టాడు. రెండు వరసలు పైకి లేపాడు మేస్త్రి.

నీళ్ళకి ఒక పీపా కావలసి వచ్చింది. రోడ్డు వేసే కాంట్రాక్టరు వదిలేసిన తారు పీపా ఒకటి మా ఆయన తెచ్చాడు. లోపల మంట పెట్టి తారు కాల్చి, ఊకా సోడా వేసి నాలుగు రోజులు రుద్దాం. అయినా మూడు నెలలు గిన్నెలకి సన్నగా తారు వాసన వచ్చేది. దాని గురించి అత్త అన్న మాటలన్నీ న్యాయమైనవే, ఒప్పుకుంటాను. చీపురుపల్లిలో రేకుపని చేసే అతను అడుగున ఒక ఇత్తడి కుళాయి బిగించాడు. ఇటుక దిమ్మెల మీద పీపా నిలబెట్టాం. పొద్దున్నే పొలానికి వెళ్ళేముందు మా ఆయనే నుయ్యి తోడి పీపా నింపేవాడు. దారిన పోయేవాళ్ళు ఏరా బావా, పెళ్ళానికి నీళ్ళు మోస్తన్నావా అని ఎగతాళి చేసేవారు. అవునంటూ ఇంకో చేద తోడేవాడు.

మొదటిరోజు ఆ గట్టు ముందు నిలబడ్డాను. కుడికాలు తిన్నగా పెట్టి, ఎడమకాలి మీద బరువు వేసి, కుళాయి తిప్పాను. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. నేనెన్నడూ ఊహించనిది. నాకు వీధి కనిపించింది.

మా పెరటికి తాటాకు దడి ఉండేది, రొమ్ములెత్తు. కూర్చుని తోమేటప్పుడు నాకు కనిపించింది ఆ దడి అడుగుభాగమే. చెదలు, కోడిపెంట, అంతే. నిలబడితే అవతలి దారి, చోడి చేలు, దూరంగా రైలు పొగ, సంతకి పోయేవాళ్ళు, అందరూ కనిపించారు. వాళ్ళకి నేనూ కనిపించాను.

గొడవ అక్కడ మళ్ళీ మొదలైంది. బావగారు తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడకూడదు, నేనూ ఆయన ఎదుట పడకూడదు. మా కుటుంబాల్లో అది కట్టుబాటు. అందుకని ఆయన పెరట్లోకి వచ్చి, వాకిట్లో ఉన్న తన భార్యకి చెప్పాడు, నాకు వినపడేలా. ఇంటి ఆడది వీధినపోయే ప్రతివాడికీ కనపడేలా నిలబడితే పరువేముందని, ఆ గట్టు సగానికి తగ్గించమని.

నేను చేతిలో గిన్నె కింద పెట్టి అప్పతోనే చెప్పాను.

"అప్పా, బావగారికి సెప్పు. దడి ఎత్తు పెంచుకోమను. గట్టు ఎత్తు తగ్గదు."

అప్ప ఆ మాట చెప్పనక్కర్లేదు, ఆయన విన్నాడు. అయినా ఆవిడ భర్త వైపు తిరిగి నా మాట అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. ఆవిడ గొంతులో ఏదో సంతోషం ఉందని నాకనిపించింది. బావగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. దడి పెంచాలంటే తాటాకులు కావాలి, మనిషి కావాలి. పెంచలేదు. కొన్నాళ్ళు దారిన పోయేవాళ్ళు నన్ను చూసి నవ్వారు. మా గట్టుకి దొరసాని గట్టని పేరు పెట్టారు. తర్వాత నవ్వు పోయి పలకరింపు వచ్చింది. సంతకెళ్ళే ఆడవాళ్ళు దడి అవతల ఆగి ఉప్పు ధర చెప్పేవారు. ఒకరిద్దరు లోపలికొచ్చి గట్టు ముందు నిలబడి, ఉత్త చేతులతో తోముతున్నట్టు ఆడించి చూసుకుని వెళ్ళేవారు.

ఆ రోజుల్లోనే అత్త తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. నేనే వండి, నేనే వడ్డించాను. ఆయన చెయ్యి కడుక్కోగానే, ఆయన తిన్న కంచమే ముందు తీసుకెళ్ళి గట్టు మీద పెట్టి తోమాను. ఆయన అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ చివరి గిన్నె దాకా చూశాడు. వెళ్ళేటప్పుడు అత్తతో అన్న మాట నాకు వినిపించింది.

"దాని పని అది సేసుకుంటన్నాది కదప్పా. నా పిల్లనెందుకు ఇందులోకి లాగతావు?"

ఆ ఎండాకాలమే ఆ పిల్లకి వేరే ఊళ్ళో పెళ్ళి చేశారు. నేను ఆ పెళ్ళికి వెళ్ళి రెండు రోజులుండి మరీ వచ్చాను.

గట్టు కట్టించడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. ఎవరూ చెప్పేవాళ్ళు లేరు, ఒక్కొక్కటీ పాడయ్యాకే నేర్చుకున్నాను. నీళ్ళు పోయే కాలవ నెలకోసారి మూసుకుపోయేది. బూడిద అడుగున చేరి రాయిలా గడ్డకట్టేది. అప్పటి నుంచి బూడిద జల్లించి వాడాను, కాలవ మూతి దగ్గర వెదురుబుట్ట పెట్టాను. బుట్టలో మిగిలిన మెతుకులు కోళ్ళకి. కుళాయి లోపలి తోలు బిళ్ళ అరిగిపోతే చుక్క చుక్కా కారేది, పాత చెప్పు అట్ట కోసి ఆ బిళ్ళ నేనే మార్చుకునేదాన్ని. వానాకాలం గట్టు కింద నాచు పట్టి ఒకసారి జారబోయాను. ఉన్న ఒక్క కాలూ పోతే ఏమయ్యేదో. ఆ రోజు నుంచి నిలబడే చోట వారానికోసారి సున్నం చల్లి చీపురుతో రుద్దడం తప్పించలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ చింతపండు వల్ల. నాలుగో నెలలో రాయి కదలడం మొదలైంది. ఇత్తడి సామాను తోమిన పులుపు నీళ్ళు అంచు కిందికి దిగి, రాతికీ గోడకీ మధ్యనున్న సున్నాన్ని తినేశాయి. వేలు పెడితే పొడి రాలింది. అత్త వచ్చి చూసి, రాయి మీద చెయ్యేసి ఊపింది. నువ్వు కట్టుకున్న గట్టు నీ మీదే పడతాదని అంది. ఆమె సంతోషం దాచుకోలేదు. నేనూ నా ఏడుపు దాచుకోలేదు, ఆ రోజు నిజంగానే ఏడ్చాను. మర్నాడు మా ఆయనా నేనూ సందులన్నీ గోకి సిమెంటు కూరాం. ఇత్తడిని గట్టు మీద తోమడం మానేసి, పక్కన ఎత్తుగా ఒక పాత కుడితి తొట్టి పెట్టి అందులో తోమాను. రాయి మళ్ళీ కదల్లేదు.

మే నెలలో నుయ్యి అడుగంటింది. గట్టు నీళ్ళు తాగేస్తోందని బావగారు అప్పతో అన్నాడు, నాకు వినపడేలా. ఎంతమాత్రం కాదు, పరీక్ష పెట్టండి అని నేనూ అప్పతోనే అన్నాను. ఒక పూట సామాను అప్ప పాత బండ మీద కూర్చుని తోమింది, మర్నాడు అంతే సామాను నేను గట్టు మీద తోమాను. బిందెలు లెక్కపెట్టింది అత్త. నేను ఓడిపోయాను. అప్పకి మూడు బిందెలు, నాకు అయిదు. కుళాయి తిప్పి వదిలేస్తే నీళ్ళు ఎలా పోతాయో నేను గమనించలేదు. ఆ పూట అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది నీళ్ళ గురించే, గట్టు గురించి కాదు. మూడు రోజులాగి మళ్ళీ పరీక్ష పెట్టమన్నాను. ఈసారి గట్టు మీద రెండు సత్తు బేసిన్లు పెట్టాను. తోమినవన్నీ మొదటిదాంట్లో ఒకసారి, రెండోదాంట్లో ఒకసారి ముంచి తీశాను. కుళాయి బేసిన్లు నింపడానికే. మూడు బిందెలకి కొంచెం తక్కువే పట్టింది. అత్త బిందెలో మిగిలిన నీళ్ళు చూసి, సరేలే అంది. ఆమె నోటి నుంచి నేను విన్న పెద్ద మెచ్చుకోలు అదే.

అప్పకి నెలలు నిండాక వంగడం కష్టమైంది. అత్త ఇంట్లో లేనప్పుడు గట్టు దగ్గరికొచ్చేది. ముందు ఒకటి రెండు గ్లాసులు. తర్వాత అత్త ఉన్నప్పుడూ వచ్చింది. ఇద్దరం పక్కపక్కన నిలబడి, ఒకరు తోముతూ ఒకరు ముంచుతూ, దారిన పోయేవాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. నా పెళ్ళయ్యాక నేను మనస్ఫూర్తిగా నవ్విన రోజులవి.

రెండేళ్ళ తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. మాకు దారి పక్కనున్న కళ్ళం స్థలం వచ్చింది, పాత ఇల్లూ పెరడూ వాళ్ళకి. సామాను పంచుకునేటప్పుడు ఆ గట్టు పడగొట్టి అక్కడ దూడల పాక వేస్తానని బావగారు అన్నాడు. అయితే రాయి నాది, నా కడియాలతో కొన్నాను, తీసుకుపోతానని నేను చెప్పించాను. బండి కూడా తెచ్చాం. అప్పుడు అప్ప చంకలో పిల్లని నాకు అందించి, వెళ్ళి గట్టుకి ఆనుకుని నిలబడింది. అంతమంది మగవాళ్ళ ముందు ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇది ఎవలూ ముట్టుకోవద్దు. నానిక్కడ తోముకుంటాను. దూడల పాక ఇంకోకాడ ఏసుకోండి."

బావగారు ఏదో అనబోయాడు. ఆవిడ కదల్లేదు. రాయి అక్కడే ఉంచేయమని మా ఆయనకి నేనే చెప్పాను. ఖాళీ బండి తోలుకుని వచ్చేశాం. వచ్చేటప్పుడు నాకు రాయి పోయిందన్న బాధ ఒక్క పిసరు కూడా లేదు. కొత్తింటికి ఇంకోటి చేయించుకున్నాను, వాటం కొంచెం ఎక్కువగా.

అత్త ఎవరి దగ్గరుంటుందన్నది తేల్చేటప్పుడు అందరూ పెద్దకొడుకు దగ్గరే అనుకున్నారు. ఆమె మాత్రం చిన్నవాడి దగ్గరికి వస్తానంది. ఎందుకో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. మా దగ్గరే పదిహేడేళ్ళు ఉండి కన్నుమూసింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా గట్టు ముందు నిలబడలేదు. తన కంచం, తన చెంబు తీసుకుని గట్టు పక్కనే నేలమీద కూర్చుని తోముకునేది. నేను పైన తోముతుంటే నీళ్ళు తుళ్ళి ఆమె మీద పడేవి. ఎంగిలినీళ్ళు నా నెత్తిన పోస్తన్నావే అని అరిచేది. పక్కకి జరగొచ్చు కదత్తా అనేదాన్ని. నేనెందుకు జరగాలి, నువ్వే జరుగు అనేది. ఇద్దరం జరగలేదు. చివరికి మా ఆయన విసిగిపోయి మా ఇద్దరి మధ్యా ఒక రేకు నిలబెట్టాడు.